ఎస్‌ఎస్‌హెచ్ కీ మొరాయిస్తే: కారణం అవతలి గట్టున వెతకండి

ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో ఒక చిన్న లినక్స్ పెట్టె ఉందనుకోండి. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో నిమిషానికోసారి రాసుకుంటుంది, పడిపోతే ఏరియేటర్లు తిప్పుతుంది. దాన్ని చూసుకునే మనిషి హైదరాబాదులో ఉంటాడు. తెల్లవారుజామున, ఆక్సిజన్ అడుగంటే వేళకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌ని నెట్ మీదుగా నడిపే దారి) మీదుగా లాగినవబోతే తెర మీద ఒకే ఒక్క లైను: ‘పర్మిషన్ డినైడ్ (పబ్లిక్‌కీ)’. మండపేట రైస్ మిల్లులో బిల్లింగ్ సర్వరైనా, అమలాపురంలో కాలేజీ ల్యాబ్ మెషీనైనా వచ్చేది ఇదే మాట.

కీ అంటే పాస్‌వర్డ్ బదులు వాడే ఫైళ్ల జంట: ప్రైవేట్ కీ మీ కంప్యూటర్లో ఉంటుంది, పబ్లిక్ కీ అవతలి మెషీన్‌లో, అంటే సర్వర్‌లో. నువ్వు చూపించిన కీలతో లోపలికి రానివ్వను అనడం తప్ప ఆ లైనులో ఇంకేమీ లేదు. ఎందుకు రానివ్వదో సర్వర్ చెప్పదు, కావాలనే చెప్పదు. యూజర్ పేరు తప్పా, ఫైలు లేదా, పర్మిషన్లు చెడ్డాయా అని బయటికి చెబితే దొంగకి దారి చూపించినట్టే. తన సొంత లాగ్‌లో (జరిగినవన్నీ రాసుకునే చిట్టాలో) మాత్రం చాలాసార్లు కారణం ఉన్నదున్నట్టు రాసిపెడుతుంది. అందుకే ఇవతలి గట్టున కూర్చుని కీ మీద కీ తయారుచేయడం దండగ. ఇక్కడ చూడాల్సింది కొంచెమే, అసలు పని అవతల ఉంటుంది.

కింది కమాండ్‌లన్నీ ఫోన్‌లో చెప్పినట్టు, పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరమని విడిగా చెప్పినచోటే పెద్దది. చుక్క, గీత, ఏటవాలు గీత, ఖాళీ అన్నీ ఉన్నవి ఉన్నట్టే. సెట్టింగుల పేర్లకి చిన్నా పెద్దా తేడా లేదు, ఎలా కొట్టినా పనిచేస్తాయి. వాటి పక్కన రాసే విలువలకి మాత్రం తేడా ఉంది.

అసలు ఇది కీ గొడవేనా?

‘కనెక్షన్ టైమ్డ్ ఔట్’ వస్తే కీకి ఏ సంబంధమూ లేదు, మాట అవతలికే చేరలేదు. కరెంటు, రౌటరు, మారిపోయిన అడ్రసు చూడండి. చెరువు దగ్గర మొబైల్ సిమ్ మీద నడిచే రౌటరైతే ఇంకో మెలిక ఉంది. చాలా నెట్‌వర్కుల్లో ఒకే ఐపీవీ4 అడ్రసును ఎంతోమంది పంచుకుంటారు, కాబట్టి బయటినుంచి నేరుగా లోపలికి రావడానికి దారే ఉండదు. పెట్టెనే బయటికి కనెక్టయ్యేలా వీపీఎన్ గానీ, రివర్స్ టన్నెల్ గానీ పెట్టుకోవాలి.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే మెషీన్ ఉంది, ఆ పోర్టులో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వినడం లేదు, లేదా ఫైర్‌వాల్ తిప్పికొడుతోంది. ఇదీ కీ గొడవ కాదు.

‘రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ ఛేంజ్డ్’ అని పెద్దక్షరాల్లో హెచ్చరిక వస్తే అది తిరగబడిన వ్యవహారం. సర్వర్ మిమ్మల్ని కాదు, మీ కంప్యూటరే సర్వర్‌ని అనుమానిస్తోంది. మెమరీ కార్డు మళ్లీ రాసుంటే హోస్ట్ కీ (సర్వర్ తనని తాను రుజువు చేసుకునే కీ) మారుతుంది. రౌటరు ఆగి లేచాక పాత ఐపీని ఇంకో మెషీన్‌కి ఇచ్చినా ఇదే వస్తుంది. కళ్లు మూసుకుని పాత ఎంట్రీ తీసేయకండి. షెడ్డులో ఉన్నవాళ్లతో ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్‌ఎఫ్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్’ కొట్టించి, వచ్చిన వేలిముద్ర (కీని గుర్తుపట్టే చిన్న కోడు) మీ తెర మీదున్న దానితో సరిపోతేనే ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్’ (ఇక్కడ పెద్ద ఆర్) పక్కన హోస్టు పేరు పెట్టి తీసేయండి.

ఇవేవీ కాక ‘పర్మిషన్ డినైడ్’ వచ్చిందంటే ఇక ఈ వ్యాసం మీకే. ముందు ఆ బ్రాకెట్లో ఏముందో చూడండి. సర్వర్ ఒప్పుకునే పద్ధతుల జాబితా అది. అందులో ‘పబ్లిక్‌కీ’ అనే మాటే లేకపోతే సర్వర్‌లో కీ లాగినే కట్టేసి ఉంది, నేరుగా సెట్టింగుల భాగానికి వెళ్లిపోండి.

ఇవతలి గట్టు: రెండు లైన్లు చాలు

‘ఎస్‌ఎస్‌హెచ్ -వీ చెరువు@అడ్రసు’ అని కొట్టండి (చెరువు అన్నది ఆ పెట్టెలో యూజర్ పేరు, మీది వేరైతే అది). వీ ఒకటి చాలు, మూడు పెడితే సమాచారం వరదలా వచ్చి కావాల్సింది కొట్టుకుపోతుంది. వచ్చిన దాంట్లో రెండు లైన్లు వెతకండి: ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’, ‘సర్వర్ యాక్సెప్ట్స్ కీ’.

మొదటిది మీ కీ పేరుతో కనబడలేదంటే మీ కంప్యూటర్ ఆ కీని అసలు చూపించనే లేదు. కీ ఫైలుకి ‘ఐడీ_ఈడీ25519’, ‘ఐడీ_ఆర్‌ఎస్‌ఏ’ లాంటి మామూలు పేర్లు (ఈడీ25519, ఆర్‌ఎస్‌ఏ అనేవి కీ రకాలు) కాకుండా వేరే పేరుంటే దానంతటది వెతుక్కోదు. ‘-ఐ’ పెట్టి ఫైలు దారి చెప్పాలి. అక్కడ ఇవ్వాల్సింది ప్రైవేట్ కీ, ‘.పబ్’ ఫైలు కాదు. ఇంకో కారణం, ప్రైవేట్ కీని మీరు తప్ప వేరేవాళ్లు చదవగలిగేలా ఉంటే క్లయింట్ (మీ కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) దాన్ని ముట్టుకోదు, ‘అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’ అని కేకేసి పక్కన పెడుతుంది. పర్మిషన్లు మార్చే ‘సీహెచ్‌మోడ్ 600’ (సొంతదారు తప్ప ఎవరూ చదవలేరు, రాయలేరు) తో తీరిపోతుంది. అయితే కీ పెన్‌డ్రైవ్ మీదుంటే తీరదు. ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవులో సీహెచ్‌మోడ్ నిలవదు. విండోస్‌లోని లినక్స్ నుంచి సీ డ్రైవు ఫైళ్లు వాడినా మామూలుగా ఇదే తంతు. కీని హోమ్ (యూజర్ సొంత ఫోల్డర్)లోని ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడ పర్మిషన్ మార్చండి.

‘ఆఫరింగ్’ ఉండి ‘యాక్సెప్ట్స్’ లేకపోతే కారణం దాదాపు ఎప్పుడూ సర్వర్ వైపే ఉంటుంది. ఆ ఆఫరింగ్ లైను చివరున్న ‘ఎస్‌హెచ్‌ఏ256’ వేలిముద్రని ఒకచోట రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండూ ఉండి కూడా లోపలికి పోలేదంటే సర్వర్ పబ్లిక్ కీని ఒప్పుకుంది, మీరు ప్రైవేట్ కీతో సంతకం పెట్టలేకపోయారు. పాస్‌ఫ్రేజ్ (కీకి వేసిన తాళం మాట) తప్పు కావచ్చు, ఏజెంట్ (కీలని తెరిచి పట్టుకుని ఉండే ప్రోగ్రామ్) నిరాకరించి ఉండవచ్చు, పక్కనున్న ‘.పబ్’ ఫైలు వేరే ప్రైవేట్ కీది కావచ్చు. పాత కీ మీద కొత్తది రాసినప్పుడు ఈ చివరి పొరపాటు జరుగుతుంది. ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -వై -ఎఫ్’ పక్కన ప్రైవేట్ ఫైలు పేరిస్తే దాని నిజమైన పబ్లిక్ కీ తెర మీద పడుతుంది. ‘.పబ్’ ఫైలుతో పోల్చి చూస్తే ఏదో తేలిపోతుంది.

‘టూ మెనీ అథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ అనేది విడి కథ. సర్వర్ ఒక్కో కనెక్షన్‌కి మామూలుగా 6 ప్రయత్నాలే ఇస్తుంది. మీ ఏజెంట్‌లో మిల్లు కీ, కాలేజీ కీ, చెరువు కీ, క్లౌడ్ కీలు అన్నీ కలిపి ఎనిమిది ఉంటే, సరైనది ఏడోదైతే, దాని వంతు రాకుండానే తలుపు పడిపోతుంది. ‘-ఐ’ ఒక్కటే పెడితే సరిపోదు, ఏజెంట్ కీలు కూడా వెళ్తూనే ఉంటాయి. ‘-ఓ ఐడెంటిటీస్‌ఓన్లీ=యెస్’ కూడా చేర్చండి. హోమ్‌లోని ‘.ఎస్‌ఎస్‌హెచ్/కాన్ఫిగ్’ ఫైల్లో ప్రతి హోస్టుకీ దాని కీ, దాని యూజర్ పేరు, ఐడెంటిటీస్‌ఓన్లీ రాసుకుంటే ఈ బెడద శాశ్వతంగా పోతుంది.

యూజర్ పేరు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పేరు ఇవ్వకపోతే మీ ల్యాప్‌టాప్‌లోని పేరే అవతలికి వెళ్తుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్లో ‘పై’ అనే యూజర్ ఎప్పుడూ ఉంటాడనుకోవడం పాత అలవాటు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లలో ఆ యూజర్ ముందుగా ఉండడు, ఇన్‌స్టాల్ చేసినవాళ్లు పెట్టిన పేరే ఉంటుంది. లేని యూజర్‌కీ సర్వర్ చెప్పేది ఆ ‘పర్మిషన్ డినైడ్’ మాటే.

అవతలి గట్టు: లాగ్ చదివించడం

షెడ్డులో ఉన్నవాళ్లతో మానిటరూ కీబోర్డూ తగిలించి లాగినవమనండి. ఇంకో యూజర్ మీదుగా, పాస్‌వర్డ్ మీదుగా మీకే దారుంటే ఇంకా మంచిది. లైన్లని ఫోన్‌లో చదివించుకోకండి, తెరని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. చుక్కకీ కామాకీ తేడా ఫోన్‌లో వినపడదు.

డెబియన్, ఉబుంటు, రాస్ప్‌బెర్రీ పై అయితే ‘సుడో జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్‌ఎస్‌హెచ్ -ఎఫ్’ (సుడో అంటే రూట్ హోదాలో కొట్టడం, రూట్ అంటే మెషీన్ మొత్తానికి పెద్ద ఖాతా). ఫెడోరా, రాకీ, ఆల్మా అయితే సర్వీసు పేరు చివర డీ వస్తుంది, ‘-యూ ఎస్‌ఎస్‌హెచ్‌డీ’. పాత మెషీన్లయితే మొదటి రకంలో ‘/వార్/లాగ్/ఆథ్.లాగ్’, రెండో రకంలో ‘/వార్/లాగ్/సెక్యూర్’ ఫైలు చూడాలి. ‘-ఎఫ్’ పెట్టి వదిలేసి, ఇవతల లాగినవడానికి ప్రయత్నించండి. అప్పుడు పడ్డ లైనే మీది.

టైము చూసి వెతకొద్దు. రాస్ప్‌బెర్రీ పై పాత మోడళ్లలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చాక ఇంటర్నెట్ దొరికేదాకా అవి ఏదో పాత టైముతో నడుస్తాయి. అందుకని నిన్నటి తేదీతో ఇవాళ్టి లైను ఉండొచ్చు. అన్నట్టు, గడియారం తప్పితే కీ లాగిన్ చెడుతుందన్న అపోహ ఒకటుంది. మామూలు కీలకి గడియారంతో పనిలేదు, గడువు తేదీ ఉండే ఎస్‌ఎస్‌హెచ్ సర్టిఫికెట్లు వాడితేనే చెడుతుంది.

లాగ్‌లో సాధారణంగా పడేవి ఇవి.

‘అథెంటికేషన్ రిఫ్యూజ్డ్: బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్’ అని వచ్చి పక్కన ఫైలు గానీ ఫోల్డర్ గానీ పేరుంటుంది. అదే మీకు చెప్పేస్తోంది ఎక్కడ చెడిందో. దీని సంగతి కింద విడిగా ఉంది.

‘కుడ్ నాట్ ఓపెన్’ అని మొదలై, చివర ‘పర్మిషన్ డినైడ్’ ఉంటే ఆ ఫైలు రూట్ పేరున ఉండిపోయింది. సుడోతో ఎడిట్ చేసినప్పుడు జరిగేదే. సర్వర్ ఆ ఫైలుని యూజర్ హోదాలో తెరుస్తుంది, రూట్ సొంతమై 600 ఉంటే యూజర్‌కి అది తెరుచుకోదు.

‘నాట్ అలౌడ్ బికాజ్’ అని ఉంటే ఆ తర్వాతి మాటలే జవాబు. అలౌయూజర్స్ జాబితాలో పేరు లేదనో, ఖాతా లాక్ అయిందనో, ఆ యూజర్ షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) ఈ మెషీన్‌లో లేదనో రాసుంటుంది. షెల్ సంగతి ‘జడ్‌షెల్’ పెట్టుకుని తర్వాత ఆ ప్యాకేజీ తీసేసినప్పుడు వస్తుంది.

కారణం చెప్పే లైను ఏదీ పడకుండా ‘కనెక్షన్ క్లోజ్డ్ బై అథెంటికేటింగ్ యూజర్’ అని మాత్రమే ఉంటే కంగారుపడకండి. మౌనం కూడా సమాచారమే. కీల ఫైలు (హోమ్‌లోని ‘.ఎస్‌ఎస్‌హెచ్/ఆథరైజ్డ్_కీస్’, లోపలికి రానివ్వాల్సిన పబ్లిక్ కీలు ఉండేది) లేకపోయినా, ఉండి అందులో మీ కీ లేకపోయినా, మామూలు లాగ్ స్థాయిలో సర్వర్ ఏమీ రాయదు. అంటే తప్పు ఫైలు పేరులోనో, లోపలి అక్షరాల్లోనో ఉంది. సెట్టింగుల్లో ‘లాగ్‌లెవల్ వెర్బోస్’ పెడితే ఏ వేలిముద్రతో వచ్చినవాళ్లని తిప్పికొట్టిందో కూడా రాస్తుంది. ఇందాక రాసుకున్న వేలిముద్రతో పోల్చండి.

777 చేసిన ఇల్లు

డెల్టాలో చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే అనిపిస్తుంది. బిల్లింగ్ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో తెరుచుకోలేదనో, స్కానర్ ఫైలు పడలేదనో ఎవరో ఒకరు హోమ్ ఫోల్డర్ మొత్తానికి ‘సీహెచ్‌మోడ్ -ఆర్ 777’ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అని) కొట్టేస్తారు. ఫోల్డర్ తెరుచుకుంటుంది, ఎస్‌ఎస్‌హెచ్ కీ అదే నిమిషం ఆగిపోతుంది. ఈ రెండిటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

సర్వర్ వాదన సబబైనదే. మీ హోమ్ ఫోల్డర్‌లో వేరేవాళ్లు రాయగలిగితే, వాళ్లు మీ ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్ పేరు మార్చి తమది పెట్టగలరు. తమ కీని మీ పేరున చేర్చుకోగలరు. అందుకే కీల ఫైలు నుంచి మొదలుపెట్టి హోమ్ దాకా ఒక్కో మెట్టూ చూస్తుంది: సొంతదారు ఆ యూజరైనా కావాలి, రూటైనా కావాలి. గ్రూపుకీ ఇతరులకీ రాసే హక్కు ఉండకూడదు. ఏ ఒక్క మెట్టు తప్పినా ఫైలంతా పక్కన పెట్టేస్తుంది.

మెట్లన్నీ ఒకేసారి చూడటానికి ‘నేమ్‌ఐ -ఎల్ /హోమ్/చెరువు/.ఎస్‌ఎస్‌హెచ్/ఆథరైజ్డ్_కీస్’ కొట్టండి. తర్వాత మూడు కమాండ్లు: హోమ్‌కి ‘సీహెచ్‌మోడ్ జీఓ-డబ్ల్యూ’, ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్‌కి ‘సీహెచ్‌మోడ్ 700’, కీల ఫైలుకి ‘సీహెచ్‌మోడ్ 600’. సొంతదారు తప్పయితే ‘సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ చెరువు:చెరువు /హోమ్/చెరువు/.ఎస్‌ఎస్‌హెచ్’. ఈ ఆర్‌లు రెండూ పెద్దవే.

ఒక తేడా గుర్తుంచుకోండి. సర్వర్ వైపు భయమంతా రాసే హక్కు గురించే. హోమ్ 755 అయినా, కీల ఫైలు 644 అయినా (రెండిట్లోనూ ఇతరులు చదవగలరు, రాయలేరు) పనిచేస్తాయి. ల్యాప్‌టాప్‌లో ప్రైవేట్ కీ విషయంలో మాత్రం చదివే హక్కు కూడా ఇతరులకి ఉండకూడదు. ఈ రెండూ కలిపేసుకుని 600, 700 అంటూ అన్నిటికీ అవే అంకెలు కొట్టేవాళ్లు పక్కనున్న ఇంకేదో చెడగొడతారు.

సర్వర్ సెట్టింగుల్లో ‘స్ట్రిక్ట్‌మోడ్స్ నో’ అని పెట్టి ఈ పరీక్షే ఆపేస్తే గొడవ తీరుతుందని ఎవరైనా చెబితే వినకండి. కుక్క మొరుగుతోందని దాని మూతికి గుడ్డ కట్టడమే అది.

రాకీ, ఆల్మా, ఫెడోరాల్లో పర్మిషన్లన్నీ సరిగ్గా ఉండి కూడా లోపలికి పోకపోతే ఎస్‌ఈలినక్స్ (పర్మిషన్ల పైన ఇంకో కాపలా) ఫైలుకి వేసే ముద్ర తప్పి ఉంటుంది. కీల ఫైలుని వేరేచోట తయారుచేసి ‘ఎంవీ’తో తెచ్చి పెడితే పాతచోటి ముద్రే వెంట వస్తుంది. ‘రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ’ (ఆర్ పెద్దది, వీ చిన్నది) పక్కన ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్ దారి ఇవ్వండి, అయిపోతుంది.

ఫైలు పేరు, లోపలి అక్షరాలు

మనవాళ్లు చదివిన ఇంగ్లీషు స్పెల్లింగుకి ఇక్కడ శిక్ష పడుతుంది. ‘ఆథరైజ్డ్’లో రాయాల్సింది ఎస్ కాదు, జెడ్. ‘కీస్’ చివర ఎస్ ఉండాలి. మధ్యలో ఉన్నది కింది గీత, అడ్డగీత కాదు. ఎస్‌తో రాసిన ఫైలుని సర్వర్ చూడనే చూడదు, లాగ్‌లోనూ ఏమీ పడదు. ‘సుడో’తో కీజెన్ కొడితే కీ వెళ్లి రూట్ ఇంట్లో పడుతుంది, అదీ ఇలాంటిదే.

కీ ఒక్కటి ఒకే లైనులో ఉండాలి. వాట్సాప్‌లో పంపిన కీని కాపీ చేసి పేస్టు చేసినప్పుడు మధ్యలో లైను విరిగినా, మొదటి అక్షరం తెగిపోయినా అది కీ కాదు. ఫోన్ కీబోర్డులో కొడితే మొదటి అక్షరాన్ని అదే పెద్దది చేసి ‘ఎస్‌ఎస్‌హెచ్-ఈడీ25519’ మొదటి ఎస్‌ని పెద్ద ఎస్ చేస్తుంది. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది, సర్వర్ మాత్రం ఒప్పుకోదు.

ఈడీ25519 కీకి ఒక సులువైన పరీక్ష ఉంది. రకం పేరు తర్వాత వచ్చే గజిబిజి ముక్కలో ఎప్పుడూ సరిగ్గా 68 అక్షరాలుంటాయి. ఒకటి తగ్గినా ఎక్కువైనా కాపీ చెడినట్టే. లెక్కపెట్టే ఓపిక లేకపోతే సర్వర్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్‌ఎఫ్’ పక్కన కీల ఫైలు ఇవ్వండి. సరైన కీలన్నిటి వేలిముద్రలూ వరసగా వస్తాయి. మీది అందులో లేకపోతే లైను పాడైంది, లేదా అసలు చేరలేదు.

విండోస్ నుంచి పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ వాడేవాళ్ల దగ్గర ఇంకో రకం తప్పు జరుగుతుంది. పుట్టీజెన్‌లో ‘సేవ్ పబ్లిక్ కీ’ నొక్కితే వచ్చే ఫైలు నాలుగు గీతలతో మొదలై అనేక లైన్లలో ఉంటుంది. దాన్ని తెచ్చి అతికిస్తే పనిచేయదు. అదే కిటికీలో పైన పెట్టెలో కనబడే ఒంటి లైనుని కాపీ చేసుకోవాలి. ఫైలే ఉంటే ‘ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -ఐ -ఎఫ్’ తో మార్చుకోవచ్చు.

ఇన్ని తిప్పలెందుకు, పాస్‌వర్డ్ లాగిన్ ఇంకా తెరిచి ఉంటే ‘ఎస్‌ఎస్‌హెచ్-కాపీ-ఐడీ -ఐ’ వాడండి. ఫైలు పేరు, పర్మిషను, లైను అన్నీ అదే చూసుకుంటుంది.

సెట్టింగులు: ఫైలుని కాదు, సర్వర్‌ని అడగండి

‘/ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్’ తెరిచి కళ్లతో వెతకడం మోసం చేస్తుంది. ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’, పెద్ద టీతో, కొట్టండి. సర్వర్ నిజంగా ఏం పాటిస్తోందో మొత్తం చెబుతుంది. ‘పబ్‌కీఅథెంటికేషన్ యెస్’ ఉందా, ‘ఆథరైజ్డ్‌కీస్‌ఫైల్’ మీరనుకున్న దారేనా, ‘అలౌయూజర్స్’, ‘అలౌగ్రూప్స్’ లైన్లున్నాయా చూడండి.

ఇక్కడ నియమం చాలామంది అనుకునేదానికి తలకిందులు. ఒకే సెట్టింగు రెండుసార్లుంటే చివరిది కాదు, మొదటిది చెల్లుతుంది. ఉబుంటు, డెబియన్ కొత్త వెర్షన్లలో ప్రధాన ఫైలు పైనే ‘ఇన్‌క్లూడ్’ లైనుంటుంది కాబట్టి ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ’ ఫోల్డర్‌లోని ఫైళ్లే ముందు చదవబడి గెలుస్తాయి. క్లౌడ్ సర్వర్లలో ‘50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్’ అని ఒకటి కాచుకుని ఉంటుంది. మీరు ప్రధాన ఫైల్లో ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేకపోవడానికి అదే కారణం. మీ మార్పులని ‘10-’తో మొదలై ‘.కాన్ఫ్’తో ముగిసే ఫైలుగా అదే ఫోల్డర్‌లో పెట్టండి.

ఫైలు అడుగున కొత్త లైను చేర్చడం ఇంకో గుంట. అక్కడ ‘మ్యాచ్’ బ్లాకు ఉంటే మీ లైను దాని కడుపులోకి పోతుంది, ఆ షరతుకి సరిపడే యూజర్లకే వర్తిస్తుంది.

మార్చాక ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ’, ఈసారి చిన్న టీతో. తప్పుంటే చెబుతుంది, ఏమీ అనకపోతే సరే. ఆ తర్వాతే సర్వీసు రీలోడ్. చిన్న టీ కొట్టకుండా రీస్టార్ట్ చేసి, ఒక అక్షరం తప్పుతో సర్వర్ లేవక, లంకలో ఉన్న పెట్టె కోసం పంటు ఎక్కాల్సి వస్తే ఆ రోజంతా పోయినట్టే.

పాత మెషీనూ కొత్త ల్యాప్‌టాపూ

మిల్లుల్లో పదేళ్ల సర్వర్లు ఇంకా నడుస్తుంటాయి. నిన్నటిదాకా పోయిన ఆర్‌ఎస్‌ఏ కీ, ల్యాప్‌టాప్ అప్‌డేట్ చేయగానే ఆగిపోయి, ‘-వీ’లో ‘నో మ్యూచువల్ సిగ్నేచర్ అల్గోరిథమ్’ అని వస్తే కీ పాడవలేదు. 2021 సెప్టెంబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (లినక్స్‌లో మామూలుగా వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) 8.8 నుంచి, ఎస్‌హెచ్‌ఏ1తో పెట్టే పాత ‘ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ’ సంతకాన్ని మామూలుగా ఆపేశారు. అదే ఆర్‌ఎస్‌ఏ కీ కొత్త ఎస్‌హెచ్‌ఏ2 సంతకం పెట్టగలదు, అయితే 7.2 కంటే పాత సర్వర్‌కి ఆ సంతకం చదవడం రాదు.

సర్వర్‌ని అప్‌డేట్ చేయడం సరైన మందు. కుదరకపోతే ‘.ఎస్‌ఎస్‌హెచ్/కాన్ఫిగ్’లో ఆ ఒక్క హోస్టు కింద మాత్రమే ‘పబ్‌కీయాక్సెప్టెడ్‌అల్గోరిథమ్స్ +ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ’ రాయండి. హోస్ట్ కీ దగ్గర కూడా ఆగితే ‘హోస్ట్‌కీఅల్గోరిథమ్స్’కీ అదే. ప్లస్ గుర్తు మర్చిపోతే మిగతావన్నీ తీసేసి ఇదొక్కటే పెట్టినట్టవుతుంది. ఈడీ25519 కీ చేసి ఇద్దామనుకుంటే సర్వర్ 6.5 వెర్షన్ గానీ, ఆ తర్వాతది గానీ అయ్యుండాలి. అది 2014లో వచ్చింది. సెంట్‌ఓఎస్ 6లో ఉన్నది 5.3, దానికి ఆ కీ అంటే తెలియదు. డీఎస్‌ఏ కీ ఇంకా దాచుకున్నవాళ్లు దాన్ని వదిలేయాలి, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 10.0లో డీఎస్‌ఏని పూర్తిగా తీసేశారు.

కరెంటు పోయి వచ్చాక

చెరువు గట్ల మీద, కాలవ పక్క షెడ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. జనరేటరుకి మారే ఆ కొద్ది సెకన్లలో పెట్టె ఆగి లేస్తుంది. అలా లేచాక కీ పనిచేయకపోతే నాలుగు సంగతులు చూడండి.

కీల ఫైలు సైజు ‘ఎల్‌ఎస్ -ఎల్’లో సున్నా ఉందా? రాస్తుండగా కరెంటు పోతే ఫైలు ఖాళీ అయి మిగులుతుంది. మెమరీ కార్డుల్లో ఇది మామూలే. ఇంకోచోట నకలు పెట్టుకుంటే నిమిషం పని.

డిస్కు నిండిందా? ‘డీఎఫ్ -హెచ్’ చూడండి, దాంతోపాటు ‘డీఎఫ్ -ఐ’ కూడా. సెన్సర్ రీడింగులని చిన్నచిన్న ఫైళ్లుగా రాస్తుంటే చోటు ఉండగానే ఐనోడ్‌లు (ఫైలుకి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు) అయిపోతాయి. నిండిన డిస్కు మీద కీ చేర్చబోతే ఫైలు చేర్చినట్టే చేర్చి సగంలో ఆగుతుంది.

ఫైల్‌సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న స్థితిలోకి పడిపోయిందా? లోపం కనబడితే లినక్స్ అలా మార్చేస్తుంది. ‘మౌంట్’ అవుట్‌పుట్‌లో ‘/’ లైను దగ్గర ‘ఆర్‌డబ్ల్యూ’ బదులు ‘ఆర్‌ఓ’ ఉంటే పర్మిషన్లు మార్చే కమాండ్లేవీ పనిచేయవు. కార్డు మార్చే సమయం వచ్చినట్టే.

హోమ్ ఫోల్డర్ బయటి హార్డ్‌డిస్కు మీదుంటే అది మౌంట్ అయిందా? కాకపోతే అక్కడ ఖాళీ ఫోల్డర్ కనబడుతుంది, కీలు అందులో ఉండవు. ఎన్‌క్రిప్టు చేసిన హోమ్‌తోనూ ఇంతే: ఎవరైనా అప్పటికే లోపల లాగినై ఉంటే కీ పనిచేస్తుంది, లేకపోతే లేదు. ఇలా ఒకసారి వచ్చి ఒకసారి రాకపోతే ముందు దీన్నే అనుమానించండి. ‘ఆథరైజ్డ్‌కీస్‌ఫైల్ /ఈటీసీ/ఎస్‌ఎస్‌హెచ్/కీస్/%యూ’ అని పెట్టి, ఆ ఫోల్డర్‌లో యూజర్ పేరుతోనే ఫైలు పెట్టండి. రూట్ సొంతంగా, 644తో ఉంటే చాలు.

ఇక, నాలుగైదుసార్లు విఫలమయ్యాక ‘డినైడ్’ పోయి ‘రిఫ్యూజ్డ్’ గానీ ‘టైమ్డ్ ఔట్’ గానీ మొదలైతే సర్వర్ మీ అడ్రసుని నిషేధించింది. ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది, ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 నుంచి సర్వరే సొంతంగా కొంతసేపు దూరం పెట్టగలదు. మొబైల్ డేటాలో అడ్రసు పంచుకుంటారు కాబట్టి ఎవరో చేసిన తప్పుకి మీరు బయట నిలబడొచ్చు కూడా. ‘సుడో ఫెయిల్2బ్యాన్-క్లయింట్ స్టేటస్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ’ కొడితే జాబితా వస్తుంది.

ఏదీ తేలకపోతే

రెండో సర్వర్‌ని వేరే పోర్టులో మాటలెక్కువ చెప్పేలా నడపండి: ‘సుడో /యూఎస్‌ఆర్/ఎస్‌బిన్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ -డీడీడీ -పీ 2222’. పూర్తి దారి తప్పనిసరి, పేరొక్కటే ఇస్తే లేవదు. ‘/రన్/ఎస్‌ఎస్‌హెచ్‌డీ’ ఫోల్డర్ లేదని అడిగితే ‘సుడో ఎమ్‌కేడైర్’తో చేసి మళ్లీ కొట్టండి. ఫైర్‌వాల్‌లో 2222 తెరిచి, ఇవతలినుంచి ‘ఎస్‌ఎస్‌హెచ్ -పీ 2222’. ఒక్క కనెక్షన్ అయ్యాక అది దానంతటదే ఆగిపోతుంది, మామూలు సర్వర్‌కి ఏమీ కాదు. వచ్చిన లైన్లలో ‘ట్రయింగ్ పబ్లిక్ కీ ఫైల్’ దగ్గర నిజంగా ఏ ఫైలు తెరుస్తోందో ఉంటుంది. మీరు అప్పటిదాకా దిద్దుతున్నది వేరే ఫైలని చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. పని కాగానే ఆ పోర్టు మూసేయండి.

పాస్‌వర్డ్ దారి మూసేముందు

కీ పనిచేసింది కదా అని వెంటనే ‘పాస్‌వర్డ్‌అథెంటికేషన్ నో’ పెట్టేయకండి. కొన్నిసార్లు మీరు లోపలికి వెళ్లింది పాస్‌వర్డ్‌తోనే అయ్యుంటుంది, ఏజెంట్‌లో దాగిన వేరే కీతో కూడా కావచ్చు. ఇప్పటికే తెరిచి ఉన్న కిటికీని అలాగే ఉంచండి. సర్వర్ రీస్టార్ట్ అయినా ఆ కనెక్షన్ తెగదు.

దూరంగా ఉన్న మెషీనైతే పాత సెట్టింగు ఫైలుకి నకలు తీసి, పది నిమిషాల్లో దాన్ని వెనక్కి పెట్టి సర్వీసు రీలోడ్ చేసే చిన్న స్క్రిప్టు రాసి, ‘సుడో సిస్టమ్‌డీ-రన్ --ఆన్-యాక్టివ్=10ఎమ్’ పక్కన దాని పూర్తి దారి ఇవ్వండి. మీరు బయట ఇరుక్కుంటే టీ తాగి వచ్చేసరికి పాత స్థితి తిరిగొస్తుంది. అంతా బాగుంటే ఆ టైమర్‌ని ఆపేయండి, మర్చిపోతే చేసిన మార్పంతా అదే చెరిపేస్తుంది.

మార్చి, చిన్న టీతో సరిచూసి, రీలోడ్ చేశాక కొత్త కిటికీలో ‘ఎస్‌ఎస్‌హెచ్ -ఓ ఐడెంటిటీస్‌ఓన్లీ=యెస్ -ఓ పాస్‌వర్డ్‌అథెంటికేషన్=నో -ఐ’ పక్కన కీ ఫైలు, ఆ తర్వాత ‘చెరువు@అడ్రసు’ కొట్టండి. లోపల ప్రాంప్ట్ కనబడి, ‘సుడో -వీ’ కూడా పనిచేసిందంటే అప్పుడు మొదటి కిటికీ మూసేయొచ్చు.